కుడికి తెరుచుకునే మర

పోయిన వారం ఈ కథను సుందరమ్మ కోదాడలో బస్సు దిగిన చోట ఆపాం. చేతిలో ఖాళీ సంచి, వెనకాల మరిది దావీదు, అతని చంకలో దవాఖానా నుంచి తెచ్చిన స్పిరిట్ సీసా. సుందరమ్మ సూర్యాపేట మిషన్ బడిలో పంతులమ్మ. పిల్లలకు చూపించడానికి ఆవిరితో నడిచే చిన్న రైలింజను ఒకటి చవకగా కొనబోతున్నానని అందరికీ చెప్పి బయల్దేరింది. రైలు పట్టాలే లేని ఊరు కాబట్టి అందరూ నమ్మారు.

అసలు సంగతి వేరు. కోదాడ బస్టాండు పక్క హోటల్లో నిజం పొగ వదిలే బొమ్మ రైలు అమ్మకానికి ఉందని గాజులమ్మే సాయమ్మ చెప్పిన నాటి నుంచి సుందరమ్మకు కంటిమీద కునుకు లేదు. అలాంటి ఇంజను ఈ చుట్టుపక్కల చేసినవాడు ఒక్కడే. అతను ఆమె భర్త మత్తయ్య, డోర్నకల్ రైలు షెడ్డులో ఫిట్టరు. పోలీసు యాక్షన్‌కు ముందటి వానల్లో ఎక్కడో కాల్పుల్లో పోయాడని, మున్నేటి ఒడ్డున తన చేతులతోనే మట్టి వేసి వచ్చానని దావీదు చెప్పి ఏడాది దాటింది. వచ్చే ఆదివారం చర్చిలో అన్న పేరు మీద జ్ఞాపకార్థ ప్రార్థన కూడా అతనే పెట్టించాడు. అది అయ్యాక సుందరమ్మ మెడలో పుస్తెలు తీయాలి.

తీయాలా, అక్కర్లేదా? శవాన్ని చూడని ఆడదానికి ఆ ప్రశ్న ఎంత బరువో చూసినవాళ్లకు తెలియదు. ఇంజను కనబడితే జవాబు దొరుకుతుందని ఆమె ఆశ.

హోటలు యజమాని లక్ష్మీనర్సయ్య వాళ్లిద్దరినీ వంటింటి వెనక గదిలో కూర్చోబెట్టాడు. ఒక గోడ వారగా బియ్యం బస్తాలు, ఇంకో గోడకు ట్రంకు పెట్టె. మనిషి కోదాడవాడే గాని నాలుక సగం సరిహద్దు అవతలి జగ్గయ్యపేటది. ముందు గదిలో మిలిటరీ జవాన్లు చాయ్ తాగుతున్నారు. పోలీసు యాక్షన్ తరువాత ఎవరింట్లో వస్తువు ఎవరింటికి చేరిందో అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి ఆ రోజుల్లో పాత సామాను అమ్మేవాడు కొనేవాడి మొహం కంటే ముందు వాడి వెనక ఎవరున్నారో చూసేవాడు.

“కొనటానికే వచ్చారా టీచరమ్మా, లేకపోతే ఎవరన్నా చూసి రమ్మన్నారా?” అన్నాడు.

“సూసి రమ్మనెటోళ్లు బస్సు కిరాయి ఇస్తరు గద సేటూ. నేను నా పైసలతోటి వచ్చిన” అంది సుందరమ్మ.

లక్ష్మీనర్సయ్య దావీదు వైపు చూశాడు. దావీదు గోడకున్న క్యాలెండరు వైపు చూశాడు. ఆ గదిలో ముగ్గురూ ఒకరినొకరు అనుమానించుకుంటున్నారు, అందరికంటే తక్కువ నటించవలసి వచ్చింది క్యాలెండరులోని బొమ్మే.

ట్రంకులోంచి రెండు ఇంజన్లు బయటికొచ్చాయి. ఒకటి సీమది, దొరల దేశపు సరుకు. పచ్చరంగు, ఎర్ర గీతలు, మెరిసే గొట్టం. రెండోది నల్లగా, రంగు లేకుండా, అక్కడక్కడా సుత్తి దెబ్బలు కనిపించే మొరటు సరుకు. రెండింటికీ కలిపి గుండ్రంగా అమర్చే రేకు పట్టాలు ఉన్నాయి.

“మేళ్లచెరువు దగ్గర సున్నపురాయి వెతకటానికి వచ్చిన దొర వెళ్లిపోతూ ఇచ్చినవండి రెండూ. పచ్చది కాస్త ప్రియం. నల్లదానికి మీరేమిచ్చినా సరే” అన్నాడు లక్ష్మీనర్సయ్య.

చాయ్‌లో చక్కెర ఒక పలుకు ఎక్కువ వేయమంటే వినబడనట్టు నటించే మనిషి ‘ఏమిచ్చినా సరే’ అన్నాడంటే, ఆ సరుకు ఇంట్లోంచి కదిలితే చాలని ఉందన్నమాట. సుందరమ్మ ఆ మాట మనసులో పెట్టుకుంది.

దావీదు అప్పటికే పచ్చదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. “గిది తీస్కో వదినె. పిల్లగాండ్లకు మంచిగుంటది. గా నల్లది ఎప్పుడు పగులుతదో ఏమో.”

“తీస్కుందం గని, జర లోపల సూడనియ్యి” అని ఆమె మూలనున్న చీపురులోంచి ఒక పుల్ల విరిచింది. పచ్చ ఇంజను నెత్తిమీద నీళ్లు పోసే కన్నంలోకి పుల్ల దూర్చి గోకింది. పుల్ల కొన తెల్లగా సుద్దతో బయటికొచ్చింది. ఆ ప్రాంతం బావి నీళ్లు కాచిన గిన్నెకు అడుగున తెల్లటి పొర కట్టడం ఇల్లాలికెవరికైనా తెలిసిన సంగతే. ఆ పొర ఇంజను కడుపులో పేరుకుంటే నీళ్లు కాగవు, అడుగు మాడుతుంది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

“మా బావి నీళ్లే పోశామండి, రెండింటికీ” అన్నాడు లక్ష్మీనర్సయ్య, అది తప్పని తెలియక.

ఆమె అదే పుల్ల రెండో కొనతో నల్లదాని కడుపు గోకింది. పుల్ల శుభ్రంగా వచ్చింది. అంటే ఆయన ఏమన్నా సరే, దీనికి ఎవరూ కోదాడ నీళ్లు పోయలేదు. వాననీళ్లు తప్ప ఇంకేవీ పోయకూడదని పట్టుబట్టే మనిషి ఒకడు ఆమెకు తెలుసు. క్రిస్మస్‌కు సెలవు పెట్టి ఇంటికొచ్చి, వానకాలంలో పట్టి దాచిన కుండలోంచి నీళ్లు వడగట్టి పోసి, ఇంటి బండల మీద ఈ ఇంజనును నడిపించి, అది గోడకు గుద్దుకుంటే పిల్లాడిలా నవ్విన మనిషి.

నల్లదాని వీపు మీద గుమ్మటంలాంటి ఇత్తడి మూత ఉంది. అది అత్త పిచ్చమ్మ తాంబూలానికి వాడే సున్నపుకాయ మూత. నా సున్నపుకాయను రైలుకు టోపీ చేశావేమిరా అని ఆ ముసలామె చచ్చేదాకా కొడుకును తిట్టింది. దాని వెనక, ఆవిరిని చక్రాలకు వదిలే చిన్న మర. మత్తయ్యది పుర్రచేతి వాటం. లోకంలో ఏ మరైనా ఎడమకు తిప్పితే వదులవుతుంది. అతను మాత్రం తన చేతికి అనువుగా కుడికి తిప్పితే తెరుచుకునేట్టు మరను చెక్కుకున్నాడు.

సుందరమ్మకు ఆ మూతను గుండెకు హత్తుకుని ఏడవాలనిపించింది. ఏడిస్తే పని చెడుతుంది. ఇంజను మత్తయ్యదైనంత మాత్రాన మత్తయ్య ఉన్నట్టు కాదు గదా. పోయినవాడి వస్తువులు దోచుకున్నవాడి చేతి నుంచి దొర చేతికి, దొర చేతి నుంచి ట్రంకులోకి రావచ్చు. ఆమె తనను తాను అదుపు చేసుకుంది.

“గీ నల్లది నడిపి సూపియ్యి సేటూ. నడిస్తే తీస్కుంట.”

“వదినె, బస్సు పోతది” అన్నాడు దావీదు.

“ఇంకోటి వస్తది.”

“గీ మాత్రం బొమ్మకు గింత పంచాయితీ ఎందుకు?”

“నువ్వు సూడలే అంటివి గద మీ అన్న చేసిన రైలు. గిసొంటిదే ఉంటది. సూడు.”

మత్తయ్య ఆ క్రిస్మస్‌కు ఇంజను తెచ్చినప్పుడు దావీదు బెజవాడలో కంపౌండరు పని నేర్చుకుంటున్నాడు. అన్న రైలు చేశాడని విన్నానే గాని కంటితో చూడలేదని ఎన్నోసార్లు చెప్పాడు. ఇవాళ బస్సులో కూడా, ఎవరూ అడగకుండానే, మళ్లీ చెప్పాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆ చెప్పడమే సుందరమ్మకు నచ్చలేదు.

“ఇది తిప్పేది ఎటు సేటూ?” అని ఏమీ తెలియనట్టు మరను చూపించింది.

“ఏ మరైనా ఎడమకే కదండీ” అన్నాడు లక్ష్మీనర్సయ్య.

తెలియదన్నమాట. ఆమె కాస్త ఆముదం కావాలంది. ఆయన కనుబొమలు పైకి లేచాయి. “బొమ్మకు ఆముదం పెట్టాలని మీకెవరు చెప్పారమ్మా?”

“కీసుమన్నదానికి ఆముదం పెట్టుడు ఎవరో చెప్పాల్నా సేటూ.”

ఇరుసులకు ఒక్కో చుక్క వేసింది. హోటలు ముందు తొట్టిలో పట్టిన వాననీళ్లేమైనా ఉన్నాయా అని అడిగితే లేవన్నారు. చాయ్ కాచే సమోవారు మూతకు పట్టిన ఆవిరి చెమటను గ్లాసులోకి దింపించి, చాలకపోతే మళ్లీ దింపించి, మూడొంతులు మాత్రం నింపి, ఆవిరికి చోటుండాలని పైన వెలితి వదిలింది. ఈసారి లక్ష్మీనర్సయ్య ఊరికే చూస్తూ నిలబడ్డాడు. పిల్లల కోసం బొమ్మ కొనే పంతులమ్మ ఇంత చేయదని ఆయనకూ తెలిసిపోయింది.

స్పిరిట్ పోయడానికి ఆమె ఇంజను కిందున్న దీపం తొట్టిని బయటికి లాగింది. లాగి, అలాగే ఉండిపోయింది.

దీపంలో వత్తి ఉంది. మూడు పాయలు అల్లిన వత్తి.

లోకంలో ఎవరైనా వత్తిని పేనుతారు. పేనిన వత్తి స్పిరిట్‌లో విడిపోతోందని విసుగెత్తి, ఒక పొద్దున సుందరమ్మ తల దువ్వుకుంటుంటే పక్కన కూర్చుని జడ అల్లడం చూసి నేర్చుకున్నాడు మత్తయ్య. అప్పటి నుంచి అతని దీపాలన్నిటికీ జడవత్తే. నీ మొగుడు దీపానికి జడేస్తాడట అని వాడకట్టు ఆడవాళ్లు నవ్వేవాళ్లు. సిగ్గుపడుతూనే లోలోపల మురిసిపోయేది ఆమె.

ఏడాది కిందటి వత్తి అయితే నల్లగా మాడి, కొరికేసినట్టు ఉండాలి. ఇది కొన మాత్రమే కమిలింది. కిందంతా తెలుపు. తోకకు ఎర్రగా రంగద్దిన గోనె దారంతో ముడి వేసి ఉంది. ఆమె తలెత్తితే గోడ వారగా ఉన్న బియ్యం బస్తాల మూతులు అదే ఎర్ర దారంతో కుట్టి కనిపించాయి.

“బియ్యం మంచిగున్నట్టున్నయి సేటూ. ఏడియి?”

“మిర్యాలగూడ మిల్లువండి. ఇవాళే లారీ వచ్చింది, డ్రైవరు లచ్చిరాం ఇంకా దింపుతూనే ఉన్నాడు. ఆ ఎర్ర దారం ఆ ఒక్క మిల్లువాళ్లే కుడతారు.”

అంటే వత్తి అల్లినవాడి చేతికి ఆ మిల్లు దారం అందింది. స్పిరిట్ కొంచెం బండల మీద ఒలికింది. దాన్ని కొంగుతో తుడిచి, దీపం వెలిగించి, ఇంజను కిందకు తోసింది. పగటి వెలుతురులో మంట కనబడలేదు. వేడి మాత్రం మొహానికి తగిలింది. దావీదు వాకిట్లోకి పోయి అటు తిరిగి నిలబడ్డాడు.

కాసేపటికి ఇంజను కడుపులో చిన్నగా గొణుగుడు మొదలైంది. తరువాత కుతకుత. ఇప్పుడు సున్నపుకాయ మూత పక్కనున్న చిన్న సీల లేచి సుయ్యిమని ఆవిరి వదలాలి. లోపల ఆవిరి మితిమీరితే పోవడానికి మత్తయ్య పెట్టిన దారి అది. నిప్పు పెట్టే ముందు ఆ సీలను గోటితో లేపి చూడాలన్నది అతని మొదటి పాఠం. ఆ ఎర్ర దారం ధ్యాసలో సుందరమ్మ ఆ పాఠమే మరిచిపోయింది.

సీల లేవలేదు. కుతకుత ఆగి, ఇంజను సన్నగా అదరడం మొదలైంది. అతుకుల దగ్గర ఒక్కో బొట్టు పొంగి చిటచిటలాడింది.

“సేటూ, దూరం జరుగు” అంటూ ఆమె దీపం తొట్టిని లాగబోయింది. వేడికి బిగుసుకుపోయింది. వేళ్లు కాలాయి. లక్ష్మీనర్సయ్య బస్తాల వెనక్కి పోయి “ఎడమకు, ఎడమకు తిప్పండమ్మా” అంటున్నాడు.

వాకిట్లోంచి దావీదు ఒక్క ఉరుకున వచ్చాడు. మోకాళ్ల మీద పడి, చెయ్యి చాచి, మరను కుడికి తిప్పాడు.

ఆవిరి చక్రాలకు అందింది. ఇంజను ముందు వేడి నీళ్లు కక్కింది, ఆ తరువాత ఒక్కసారి ముందుకు దూకి పట్టాల మీద గిర్రున తిరిగింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు. మూడో మలుపులో పట్టాలు దాటి పక్కకు ఒరిగి, చక్రాలు గాలిలో తిరుగుతూ, మెల్లగా అలిసి ఆగింది. గది నిండా ఆముదం కమురు వాసన నిండింది. సుందరమ్మ ఇంటి వాసన అది, ఆ క్రిస్మస్ వాసన. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

లక్ష్మీనర్సయ్య చెమట తుడుచుకుంటూ వచ్చి సీలను చూశాడు. “అయ్యో, మావాడి పిండి ఇది. తెచ్చినాయన నడిపి చూపించినప్పుడు పైనుంచి ఆవిరి ఊరికే పోతోందండి. కారే సరుకును ఎవరు కొంటారని మా వంటవాడితో గోధుమపిండి మెత్తించాను, దమ్ బిర్యానీ డేగిసాకు పెట్టినట్టు.”

బిర్యానీకి ఆవిరి పోకూడదు, ఇంజనుకు పోవాలి. ఆ తేడా తెలియక ఆ పెద్దమనిషి ముగ్గురి ప్రాణాల మీదికి తెచ్చాడు. సుందరమ్మ అందుకు కోపం తెచ్చుకోలేదు. ఆమె చెవికి ఒక్క మాటే తగిలింది.

“తెచ్చినాయన ఎవరు సేటూ? దొర ఇచ్చి పోయిండంటివి గద.”

లక్ష్మీనర్సయ్య వద్దనుకుంటూనే దావీదు వైపు చూశాడు.

“నన్ను లాగకండి బాబూ” అన్నాడు చివరికి. “పచ్చదే దొరది. నల్లది మొన్న దసరాకు మీరే కదా తెచ్చిచ్చారు. ఇవాళ గుమ్మంలోకి వస్తూనే తెలియనట్టుండమని కన్ను గీటారు. ఉన్నాను. ఇంక నా వల్ల కాదు, ముందు గదిలో మిలిటరీ వాళ్లున్నారు.”

దావీదు దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. కాలిన వేళ్లను నోట్లో పెట్టుకున్నాడు. సుందరమ్మ అతని ఎదురుగా బండల మీద కూలబడింది.

“సేటు చెప్పకున్నా నాకు ఎర్కైంది” అంది. “ఆయన ఎడమకు అని మొత్తుకుంటుండె. నువ్వు కుడికి తిప్పినవ్.”

“కంగారుల ఎటో తిప్పిన వదినె.”

“కంగారుల మనిషి చెయ్యి అలవాటైన దిక్కే పోతది దావీదు. నువ్వు గీ ఇంజను శానాసార్లు నడిపినవ్. మరి నాకు సూడనే లేదంటివి. ఎందుకు?”

దావీదు ఒరిగిన ఇంజనును నిలబెట్టబోయి, వేడికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“మున్నేటి ఒడ్డుకు నన్ను ఎందుకు తీస్కపోలే? అడిగినప్పుడల్లా తొవ్వ మంచిగ లేదంటివి. ఆదివారం ప్రార్థన ఎవరి కోసం పెట్టించినవ్?”

“వదినె, నీ కాళ్లు మొక్కుత. ఇంటికి పోదం పా. గాడ అన్నీ చెప్త.”

“గాడ చెప్పేది గీడనే చెప్పరాదు.”

ఈ దావీదును ఆమె ఎత్తుకుని పెంచలేదు గాని, పెళ్లయి వచ్చిననాడు అతనికి మీసాలు రాలేదు. కంచంలో అన్నం పెట్టిన చెయ్యి తనది. ఆ చేతి వైపు ఇప్పుడు అతను చూడలేకపోతున్నాడు. అన్నను చంపి ఇంజను అమ్ముకున్నాడా? అన్నను ఎక్కడో దాచాడా? రెండింటిలో ఏది నిజమైనా ఈ ఏడాది పొడుగునా రోజూ తన మొహం చూస్తూ అబద్ధం ఆడాడు. అది తలుచుకుంటే ఆమెకు ఏడుపు కంటే ముందు అసహ్యం వచ్చింది.

కానీ చచ్చినవాడు దసరాకు వత్తి అల్లడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె లేచింది.

ఇంజను చల్లారేదాకా ఆగి, కడుపులో నీళ్లు వంచేసి, తడి తుడిచింది. వత్తిని తీసి జాకెట్టులో పెట్టుకుంది. లక్ష్మీనర్సయ్య చేతిలో తాను తెచ్చిన నోట్లు పెట్టింది. ఆయన లెక్క కూడా చూడకుండా జేబులో వేసుకుని, “ఈ గదిలో జరిగింది ఈ గదిలోనే అమ్మా” అన్నాడు.

బయట సూర్యాపేట బస్సు కండక్టరు కేకలు వేస్తున్నాడు. దావీదు ముందుగా పోయి ఆమె కోసం చోటు ఆపాడు. సుందరమ్మ బస్సు దాటి ముందుకు నడిచింది. హోటలు వెనక సందులో బస్తాలు దింపేసిన లారీ తిరుగు ప్రయాణానికి సిద్ధంగా ఉంది. లచ్చిరాం దాని ముందు వంగి స్టార్టు చేసే హ్యాండిల్ తిప్పుతున్నాడు.

“లచ్చిరాం, మిర్యాలగూడకేనా?”

“గాడికే అమ్మా. మిల్లు కాడ ఆపుత.”

“నేనొస్త.”

లచ్చిరాం ముందు సీటు మీది గోనె పట్టా దులిపాడు. ఆమె ఇంజను సంచిని పైకి అందించి, మెట్టు మీద కాలు పెట్టింది. అప్పుడు దావీదు బస్సులోంచి దూకి పరుగెత్తుకుంటూ వచ్చి ఆమె కొంగు పట్టుకున్నాడు. పెళ్లయి ఇన్నేళ్లలో మరిది ఆమె కొంగు ముట్టుకోవడం అదే మొదలు. అతని మొహం తెల్లగా పాలిపోయింది. చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

“పోకు వదినె. నువ్వు గాడికి పోతే అన్న బతకడు.”

అది బెదిరింపో, బతిమాలడమో ఆమెకు తెలియలేదు. మున్నేటి ఒడ్డున తన చేతులతో మట్టి వేసి వచ్చానన్న మనిషి, ఆ అన్న ఇంక బతకడని భయపడుతున్నాడు. సుందరమ్మ ఒక చేత్తో పుస్తెలు పట్టుకుని, ఇంకో చేత్తో అతని వేళ్ల మధ్య నుంచి కొంగు లాక్కుని లారీ ఎక్కింది.